సుంకం రేవులోనే కట్టాలా, సరుకు కదిలినప్పుడు కట్టాలా?

ప్రశ్న: మేం యంత్రాల బేరింగులు, ఆయిల్ సీళ్లు విదేశాల నుంచి తెప్పిస్తాం. ఒక కంటైనర్ సరుకు పూర్తిగా అమ్ముడవడానికి ఎనిమిది నెలలు పడుతుంది. సుంకం, పన్ను మాత్రం సరుకు దిగగానే మొత్తం కట్టేస్తున్నాం. పైగా అందులో మూడో వంతు వేరే దేశాల ఖాతాదారులకే వెళ్తుంది. దాని మీద కట్టిన సుంకం వెనక్కి తెచ్చుకోవడానికి నెలల తరబడి తిరుగుతున్నాం. బాండెడ్ గోదాములో, అంటే సుంకం కట్టని సరుకుని కస్టమ్స్ అదుపులో ఉంచే గోదాములో, పెట్టమని మా కస్టమ్స్ బ్రోకరు చెబుతున్నారు. అదంతా దండగ ఖర్చని మా ఆడిటరు అంటున్నారు. ఎవరి మాట వినమంటారు?

జవాబు: మీ విషయంలో బ్రోకరు మాటే సరైనదండీ. నేను పద్నాలుగేళ్లు బాండెడ్ గోదాములో స్టాక్ రిజిస్టర్లు చూశాను. సరుకు నెమ్మదిగా కదలడం, కొంత మళ్లీ దేశం దాటిపోవడం, ఈ రెండూ ఒకేచోట ఉన్నవాళ్లకే ఈ ఏర్పాటు బాగా కలిసొస్తుంది. మీకు రెండూ ఉన్నాయి.

కంటైనర్‌లో 900 పెట్టెలు వచ్చాయనుకోండి. ఇప్పుడు మీరు తొమ్మిది వందలకీ మొదటిరోజే సుంకం కడుతున్నారు. బాండ్‌లో, అంటే ఆ గోదాములో, పెడితే దిగుమతి పత్రం గోదాము కోసం దాఖలవుతుంది, సరుకు కస్టమ్స్ అదుపులోనే లోపలికి వెళ్తుంది, సుంకమూ దాంతోపాటు దిగుమతి పన్నూ ఆగి ఉంటాయి. నెలకి 75 పెట్టెలు బయటికి తీస్తే ఆ నెల ఆ 75కే కడతారు. అలా 600 పెట్టెల సుంకం సగటున నాలుగు నెలలపాటు మీ చేతిలోనే ఆడుతుంది. విదేశాలకు వెళ్లే 300 పెట్టెలు బాండ్ నుంచే ఓడెక్కుతాయి, వాటికి సుంకమే పడదు. కట్టి, రాబట్టుకోవడానికి తిరిగే బాధ ఉండదు.

ఈ బాధ ఇప్పటిది కాదు. 1733లో బ్రిటన్‌లో ప్రధాని వాల్పోల్ పొగాకునీ వైన్‌నీ గోదాముల్లో ఉంచి, దేశంలో అమ్మకానికి తీసినప్పుడే పన్ను వసూలు చేద్దామన్నాడు. జనం ఎదురు తిరగడంతో వెనక్కి తీసుకున్నాడు. 1803లో వచ్చిన చట్టంతో అక్కడ బాండెడ్ గోదాముల పద్ధతి స్థిరపడింది. అమెరికా 1846లో చట్టం చేసుకుంది.

మీ ఆడిటరు గారి మాట కూడా కొట్టిపారేయకండి. గోదాము అద్దె, బాండు (సుంకం కడతామని కస్టమ్స్‌కి రాసిచ్చే హామీపత్రం), అడిగితే బ్యాంకు గ్యారంటీ కమీషను, బీమా, రెండుసార్లు ఎత్తి దించే కూలి, తీసిన ప్రతిసారీ పత్రం ఖర్చు ఇవన్నీ ఉన్నాయి. మూడు వారాల్లో అమ్ముడయ్యే సరుకైతే నేనూ వద్దనే చెప్పేదాన్ని. మీరు రోజూ రెండేసి పెట్టెలు తీస్తే పత్రాల ఖర్చే లాభాన్ని తినేస్తుంది. పదిహేను రోజులకి సరిపడా సుంకం కట్టిన సరుకు బయట ఉంచుకుని, మిగతాది బాండ్‌లో వదిలేయండి.

గడువు మాత్రం ఏ దేశానికి ఆ దేశంలో కనుక్కోవాలి. పాడవని సరుక్కి కనీసం ఏడాదైనా ఇవ్వాలని కస్టమ్స్ పద్ధతుల మీద దేశాలు చేసుకున్న సవరించిన క్యోటో ఒప్పందం చెబుతుంది. అమెరికాలో దిగుమతైన రోజు నుంచి ఐదేళ్లు. ఐరోపా సమాఖ్యలో మామూలుగా గడువే లేదు. భారత్‌లో మామూలు సరుక్కి ఏడాది, కానీ 90 రోజులు దాటితే సుంకం మీద వడ్డీ మొదలవుతుంది. అక్కడ సుంకానికి మూడింతల మొత్తానికి బాండు రాసివ్వాలి కూడా. ‘ఏడాది ఉందిగా’ అని ధీమాగా కూర్చుని, వడ్డీ లెక్క చూసి గుండె పట్టుకున్న వాళ్లని చూశాను.

ఇంకొకటి. సుంకం రేటు చాలాచోట్ల సరుకు బయటికి తీసే రోజుది వర్తిస్తుంది. మధ్యలో రేటు తగ్గితే మీకు లాభం, పెరిగితే ఆ భారం మీదే. భారత్‌లో ఇందులో ఒక మెలిక ఉంది. సుంకం రేటు బయటికి తీయడానికి పత్రం దాఖలు చేసిన రోజుది, మారకపు రేటు మాత్రం గోదాములోకి పంపేటప్పుడు పత్రం దాఖలు చేసిన రోజుది. ధర వేసేటప్పుడు ఇది మరవకండి.

అన్నింటికన్నా నేను గట్టిగా చెప్పేది లెక్క గురించి. ఒక ఏడాది చివర్న మా గోదాములో రిజిస్టర్ ప్రకారం 212 పెట్టెలు ఉండాలి, ర్యాకుల మీద 208 ఉన్నాయి. మూడుసార్లు లెక్కపెట్టాం, 208కి మించలేదు. చివరికి తేలిందేమిటంటే, సుంకం కట్టి లారీ కోసం పక్కన పేర్చిన పెట్టెల్లో హమాలీ పొరపాటున బాండ్ పెట్టెలు నాలుగు కలిపేశాడు. అన్నీ ఒకే గోధుమరంగు అట్ట, ఒకే కంపెనీ ముద్ర, తేడా ఎలా తెలుస్తుంది? ఎవరూ దొంగిలించలేదు, ఖాతాదారు డబ్బు కూడా కట్టాడు. అయినా కస్టమ్స్ లెక్కలో అది అనుమతి లేకుండా తీసిన సరుకే. ఆ నాలుగింటికీ సుంకం, వడ్డీ, పైన జరిమానా పడ్డాయి. మా మేనేజరు గారికి కాగితాలు చూపించేటప్పుడు నా చేతులు వణికిన సంగతి ఇప్పటికీ గుర్తుంది.

ఆ మర్నాటి నుంచి బాండ్‌లో ఉన్న ప్రతి పెట్టెకీ ఎర్ర టేపు చుట్టి, దాని మీద ఎంట్రీ నంబరు, అందులో వరస నంబరు మార్కరుతో రాయించాను. సుంకం కట్టాక రిజిస్టర్లో సంతకం పడితేనే టేపు కోయాలి. సుంకం కట్టిన సరుకు గోడ అవతల ఉండాలి. నెలకోసారి లెక్క, అదీ పెట్టెలు కాదు, లోపలి ముక్కలు. మీరు దిగుమతి పత్రంలో బేరింగులు ముక్కల లెక్కన చూపించి రిజిస్టర్లో పెట్టెలు రాస్తే, విప్పిన మొదటి పెట్టెతోనే లెక్క తప్పుతుంది.

ప్రశ్న: బాండ్‌లో ఉండగా ప్యాకింగు మార్చవచ్చా? అక్కడే ఇంకొకరికి అమ్మేయవచ్చా?

జవాబు: లేబుళ్లు వేయడం, రకాలు విడదీయడం, మళ్లీ ప్యాక్ చేయడం లాంటివి అనుమతితో చాలాచోట్ల చేసుకోవచ్చు. అమ్మకమూ వీలవుతుంది, అయితే యజమాని మారిన సంగతి కస్టమ్స్ రికార్డులోకి ఎక్కేదాకా బాధ్యత మీ మెడకే ఉంటుంది. బేరింగూ సీలూ కలిపి ఒకే కిట్‌గా కట్టాలనుకుంటే మాత్రం చేతులు పెట్టకముందే అధికారికి రాసి అడగండి. అది ప్యాకింగు కిందకి వస్తుందా, తయారీ కిందకి వస్తుందా అన్నది వాళ్లే తేల్చాలి. తయారీ అన్నారంటే వేరే అనుమతి కావాలి.