గోపాలపూర్ తీరంలో సముద్ర గుహలు, రాతి తోరణాలు ఎందుకు లేవు? పిల్లలతో ఏం కొలిపించాలి?

మాస్టారూ, మీరు రెండు సంగతులు అడిగారు. పాఠంలో ఉన్న భృగువు (ఒడ్డున నిటారుగా తెగిన రాతి గట్టు), సముద్ర గుహ, తోరణం, స్తంభం బరంపురం పిల్లలకు దగ్గర్లో ఎక్కడ చూపించాలన్నది ఒకటి, తీరం కోత మీద వాళ్లతో ఏ ప్రాజెక్టు చేయించాలన్నది రెండోది.

ఒడిశా గంజాం జిల్లాలోని గోపాలపూర్‌లో అవి దొరకవు, వెతికించకండి. కారణం అలల్లో లేదు, నేలలో ఉంది. విశాఖ దగ్గర తూర్పు కనుమల గట్లు నేరుగా నీళ్లలోకి దిగుతాయి. అందుకే డాల్ఫిన్స్ నోస్, మంగమారిపేట తోరణం అక్కడున్నాయి. గంజాంలో కొండలు ఒడ్డుకు ఎడంగా ఆగిపోయాయి. మధ్యలో ఉన్నది ఏరులు తెచ్చిపోసిన మట్టి, పాత ఇసుక దిబ్బలు. రాయి దొరికితే అల దాని పగుళ్లలో గాలిని నొక్కి వదులుతుంది, గులకరాళ్లతో ఒరుస్తుంది. తూర్పు కనుమల ఖోండలైటు శిలలో ఫెల్‌స్పార్ అనే ఖనిజం ముందే మెత్తని మట్టిగా మారి ఉంటే అక్కడ ఇంకా తొందరగా రాలుతుంది. ఇసుకలో చెక్కడానికేమీ ఉండదు, మోసుకుపోవడమే.

అలల బలం మాత్రం రెండుచోట్లా తక్కువది కాదు. 10 సెకన్లకొకటి వచ్చే కెరటం పొడవు లోతు నీళ్లలో సుమారు 156 మీటర్లు. అందులో సగం, అంటే 78 మీటర్ల లోతు నుంచే అది అడుగును తాకడం మొదలుపెడుతుంది. అల ఎత్తు రెట్టింపైతే శక్తి నాలుగింతలు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాలపూర్ దగ్గర తీరం దాటింది. అలాంటి తుఫాను నెలల తరబడి పేరుకున్న ఇసుకను ఒక్క రాత్రిలో ఊడ్చేస్తుంది.

కాబట్టి ఇక్కడ చూపించాల్సింది ఇసుక నడక. నైరుతి రుతుపవనాల కాలంలో అలలు దక్షిణం నుంచి ఏటవాలుగా వచ్చి ఇసుకను పూరీ వైపు నెడతాయి. చలికాలంలో కొంత వెనక్కి వస్తుంది గానీ ఏడాది లెక్కలో ఉత్తరానిదే పైచేయి. చిలకా సరస్సును సముద్రం నుంచి వేరుచేసే పొడవాటి ఇసుక కట్ట అలా ఏర్పడిందే. ఋషికుల్య నది మొగ (సముద్రంలో కలిసే చోటు) దగ్గర ఇసుక నాలుక పెరిగి మొగను పక్కకు నెడుతుంది, పెద్ద వరద వస్తే నది దాన్ని తెంచుకుని సూటిగా పోతుంది. మొగ జరిగినప్పుడల్లా పక్క ఒడ్డులకు చేరే ఇసుక మారిపోతుంది. మొగకు ఉత్తరాన ఉన్న పొడంపేట కోతకు గురై, జనం వేరేచోటికి తరలాల్సి వచ్చింది. ఈ తీరంలో ఒడ్డుకు అడ్డంగా రాళ్లకట్ట పడితే దక్షిణం పక్క ఇసుక పోగవుతుంది, ఉత్తరం పక్క తరుగుతుంది. విశాఖలో ఆ లోటు పూడ్చడానికే పోర్టు డ్రెడ్జరు (నీటి అడుగు తవ్వే నౌక) తవ్విన ఇసుకను ఆర్కే బీచికి పంపుతారు.

ఇక ప్రాజెక్టు, ఒడ్డు వాలును నెలనెలా కొలవడం. కావాల్సినవి నిటారైన పీవీసీ పైపులు రెండు, ఒక్కొక్కటి 1.5 మీటర్లు. వాటికి సెంటీమీటర్ల టేపు అంటించండి, సున్నా పైకొసన ఉండాలి. అడుగున 10 సెంటీమీటర్ల చదరపు చెక్క బిగించండి, లేకపోతే తడి ఇసుకలో దిగబడి లెక్కంతా పాడవుతుంది. రెండు మీటర్ల తాడు, నోటుపుస్తకం చాలు. మొదలుపెట్టే గుర్తు సరుగుడు తోట వెనక కదలని సిమెంటు కట్టడం మీద పెట్టుకోండి. మొగలి పొదల ముందు పాతిన కొయ్య మొదటి తుఫానుకే పోతుంది.

ఒక పైపు గుర్తు దగ్గర, రెండోది తాడు బిగిసేదాకా సముద్రం వైపు. వెనక నిలబడ్డవాళ్లు కన్ను పైకీ కిందికీ జరుపుతూ ముందు పైపు కొసను నీళ్లూ ఆకాశం కలిసే గీతతో కలపాలి. ఆ చూపు తమ పైపును ఎక్కడ కోస్తే అక్కడి అంకె, ఆ రెండు మీటర్లలో నేల దిగుడు. ఎదురు ఎక్కుడు వస్తే తమ పైపు కొసను గీతతో కలిపి, ముందు పైపు మీద అంకె చదవాలి. ఇలా నీటి అంచు దాకా. మంచు పట్టి గీత కనబడని రోజున కొలవకండి. గీత నిజానికి కంటి మట్టానికి కొంచెం కిందే ఉంటుంది, 100 మీటర్లకు ఏడెనిమిది సెంటీమీటర్ల తేడా రావచ్చు. కానీ ప్రతిసారీ దాదాపు అంతే కాబట్టి పోలికకు అడ్డురాదు.

నెలకోసారి, పున్నమి లేదా అమావాస్య దగ్గర, నీళ్లు బాగా తీసిన వేళ, ఏడాదంతా కొలవాలి. వానాకాలంలో సన్నబడ్డ ఒడ్డు వేసవికి మళ్లీ వెడల్పు కావచ్చు. ఒక్కసారి కొలిచి ‘కోత’ అని రాస్తే మార్కులొస్తాయేమో గానీ అది ఋజువు కాదు.

నల్ల ఇసుకను కూడా గమనించమనండి. బలమైన అలలు తేలికైన క్వార్ట్జును (మామూలు తెల్ల ఇసుక రేణువులను) ముందు తీసుకుపోతే ఇల్మనైటు వంటి బరువైన నల్లని ఖనిజాలు మిగులుతాయి. గులాబీ రంగు చారలు గార్నెట్ అనే ఖనిజం. ఛత్రపురం దగ్గర తవ్వితీసే ఖనిజాలు ఇవే. మామూలు అయస్కాంతానికి మాగ్నటైటు అనే ఇనుప ఖనిజం అంటుకుంటుంది గానీ ఇల్మనైటు సరిగా అంటదు, అంత మాత్రాన అది లేదనుకోవద్దు. తుఫాను తర్వాత నిలువుగా తెగిన ఇసుక గట్టు కింద మాత్రం పిల్లల్ని నిలబడనివ్వకండి, ఆరగానే కూలుతుంది.

పాత ఉపగ్రహ చిత్రాలతో పోల్చాలంటే నీటి అంచును పట్టుకోకండి. 20 మీటర్లకు ఒక మీటరు దిగే ఒడ్డు మీద నీటి మట్టం ఒక మీటరు మారితే అంచు 20 మీటర్లు జరుగుతుంది. పచ్చదనం ఆగిపోయే గీతను గుర్తుపెట్టుకుని కొలవండి.