రాజాం బీటెక్ నుంచి అమెరికా ఎమ్మెస్‌కి: మొదటి ఏడాది చదువు సంగతి

ప్రశ్న: మాది విజయనగరం జిల్లా రాజాం. ఇక్కడే బీటెక్ చేశాను. ఆగస్టులో ఎమ్మెస్‌కి అమెరికా వెళ్తున్నాను. అందరూ చలి గురించి, వంట గురించి చెప్తున్నారు గానీ, అక్కడ చదువు ఎలా ఉంటుందో ఎవరూ చెప్పడం లేదు. కొంచెం టెన్షన్‌గా ఉంది అక్కా.

జవాబు: తమ్ముడూ, మాది చీపురుపల్లే. నువ్వు అడగాల్సిందే అడిగావు. చలి, వంట నెల రోజుల్లో అలవాటైపోతాయి. చదువుకి అలవాటు పడటానికే ఎక్కువ రోజులు పడుతుంది. తెలివి తక్కువై కాదు, అక్కడి పద్ధతి వేరు కాబట్టి.

మన దగ్గర చాలా కాలేజీల్లో 30 మార్కులు ఇంటర్నల్, 70 మార్కులు చివరి పరీక్ష. సెమిస్టరంతా ఎలా గడిచినా, ప్రిపరేషన్ సెలవుల్లో కూర్చుని గట్టెక్కేయొచ్చు. అక్కడ అది కుదరదు. మొదటి క్లాసులోనే సిలబస్ అని ఒక కాగితం ఇస్తారు. అందులో పాఠాల పేర్లతోపాటు హోంవర్కులకి ఎంత శాతం, మిడ్‌టర్మ్‌కి ఎంత, ప్రాజెక్టుకి ఎంత, ఆలస్యంగా ఇస్తే ఎంత కోత అన్నీ రాసి ఉంటాయి. రెండో వారానికే హోంవర్కు మొదలవుతుంది, ప్రతిదానికీ మార్కులుంటాయి. సెప్టెంబరులో పోయిన మార్కులు డిసెంబరులో ఎంత చదివినా తిరిగి రావు. పీజీ వాళ్ళకి చాలా యూనివర్సిటీల్లో జీపీయే నాలుగుకి 3.0 కంటే తగ్గితే ప్రొబేషన్‌లో, అంటే హెచ్చరిక కింద పెడతారు. అందుకని అన్ని సిలబస్‌లూ ముందేసుకుని, తేదీలన్నీ ఫోన్ క్యాలెండర్‌లో మొదటి వారమే ఎక్కించెయ్యి.

ఇప్పుడు అసలు సంగతి. మనం లాబ్ రికార్డు పక్కవాడిది చూసి రాయడం తప్పనుకోం. అడిగితే ఇవ్వనివాడినే చెడ్డవాడంటాం. ఆ అలవాటుని విమానం ఎక్కకముందే వదిలెయ్యి. అక్కడ నీ ప్రోగ్రాం ఇంకొకరి ప్రోగ్రాంతో కలిస్తే చూసి రాసినవాడి మీదా, ఇచ్చినవాడి మీదా కేసు పెడతారు. వేరియబుల్ పేర్లు మార్చినంత మాత్రాన తప్పించుకోలేరు, అది పట్టుకునే సాఫ్ట్‌వేర్లు ఎప్పటినుంచో ఉన్నాయి. సున్నా మార్కులతో పోవచ్చు, కోర్సే ఫెయిల్ చెయ్యొచ్చు, సస్పెండూ చెయ్యొచ్చు. సస్పెండ్ అయితే వీసా స్టేటస్ కూడా పోతుంది. అయిదుగురు తెలుగువాళ్ళు ఒకే అపార్ట్‌మెంట్‌లో, ఒకే కోర్సులో ఉన్నప్పుడు ఇది ఎంత తేలిగ్గా జరిగిపోతుందో చూస్తూనే ఉన్నాను. రాత్రి పదకొండు యాభైకి 'ఒక్కసారి పంపు బాబూ, చూసి ఇచ్చేస్తాను' అని మెసేజ్ వస్తుంది. పంపకు. కూర్చోబెట్టి లెక్క వివరించు, బోర్డు మీద గీసి చూపించు, ఫైలు మాత్రం ఇవ్వకు. చాట్‌జీపీటీ లాంటివి వాడొచ్చా లేదా అన్నది ఒక్కో ప్రొఫెసరుకి ఒక్కో రూలు. సిలబస్‌లో లేకపోతే ముందే అడుగు.

అడగడం అంటే గుర్తొచ్చింది. ప్రొఫెసర్లు వారానికి కొన్ని గంటలు ఆఫీస్ అవర్స్ అని పెడతారు, వాళ్ళకి సాయం చేసే టీఏలూ (టీచింగ్ అసిస్టెంట్లు) పెడతారు. ఆ గంటలు విద్యార్థుల కోసమే. మనవాళ్ళు వెళ్ళరు. మేష్టారి గదికి వెళ్తే ఏదో తప్పు చేశామనో, తెలివితక్కువ ప్రశ్న అనుకుంటారనో మొహమాటం. 'నాకేమీ అర్థం కాలేదు' అని వెళ్ళొద్దు. నువ్వు ప్రయత్నించినది పట్టుకెళ్ళి, ఇక్కడిదాకా వచ్చింది, ఇక్కడ ఆగిపోయింది అని చూపించు. రేపు రిసెర్చ్ అసిస్టెంట్‌షిప్ కావాలన్నా, సిఫారసు ఉత్తరం కావాలన్నా నీ ముఖం గుర్తున్నవాళ్ళే ఇస్తారు.

మొదటి సెమిస్టర్‌లో మూడు కోర్సులూ కష్టమైనవే తీసుకోకు. బీటెక్‌లో బాగా చదివిన సబ్జెక్టుకి దగ్గరగా ఉన్నది ఒకటి పెట్టుకో. పీజీకి ఫుల్‌టైమ్ అంటే ఎక్కువ చోట్ల తొమ్మిది క్రెడిట్లు. ఆన్‌లైన్ కోర్సులు ఎన్ని తీసుకున్నా అందులో ఒక్కటే లెక్కలోకి వస్తుంది. మరీ మోయలేకపోతే నీ అంతట నువ్వు కోర్సు డ్రాప్ చెయ్యకు. ముందు ఇంటర్నేషనల్ ఆఫీసులో డీఎస్‌ఓ (విదేశీ విద్యార్థుల వీసా సంగతులు చూసే అధికారి) దగ్గరికి వెళ్ళు. అక్కడి బోధన పద్ధతి కొత్త కావడం వంటి కారణాలతో తక్కువ క్రెడిట్లకి అనుమతి ఇచ్చే వీలు రూల్స్‌లోనే ఉంది. కానీ డ్రాప్ చెయ్యకముందే ఆ అనుమతి రావాలి. ఇల్లు మారితే పది రోజుల్లో అడ్రసు చెప్పాల్సిందీ ఆ ఆఫీసుకే.

అప్పు చేసి వెళ్తున్నావు కాబట్టి పని గురించి ఆలోచిస్తావు. క్యాంపస్‌లో అయితే సెమిస్టర్ నడిచేటప్పుడు వారానికి 20 గంటల వరకు చెయ్యొచ్చు. డైనింగ్ హాల్లో ప్లేట్లు కడిగినా నామోషీ ఏమీ లేదు, ఆ ఆఫర్ లెటర్ వస్తే సోషల్ సెక్యూరిటీ నంబరుకీ (జీతానికి, పన్నుకి అక్కడ అడిగే నంబరు) అప్లై చెయ్యొచ్చు. బయట గ్యాస్ స్టేషన్లో క్యాష్‌కి పని ఇప్పిస్తామనే అన్నలు తప్పకుండా తగులుతారు. వాళ్ళు మంచివాళ్ళే కావచ్చు. వద్దను. పట్టుబడితే చదువు, అప్పు, తర్వాత రావాల్సిన ఓపీటీ (చదువుకి సంబంధించిన ఉద్యోగం చేసుకునే అనుమతి) అన్నీ ఒకేసారి పోతాయి.

అక్టోబరు గురించి ముందుగానే చెప్తున్నాను, మనసుకి కొంచెం బరువుగా ఉంటుంది. దసరా తర్వాత మంగళవారం విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం, నీకేమో సరిగ్గా మిడ్‌టర్మ్‌లు. ఇక్కడ మధ్యాహ్నం మూడింటికి సిరిమాను కదిలితే అక్కడ తూర్పు తీరంలో తెల్లవారుజామున అయిదున్నర. ఫోన్‌లో చూసుకుని క్లాసుకి వెళ్ళు. నవంబరు మొదటి ఆదివారం గడియారాలు ఒక గంట వెనక్కి తిప్పుతారు, తేడా పదిన్నర గంటలవుతుంది. అమ్మకి ముందే చెప్పు, లేకపోతే ఫోన్ రాలేదని కంగారుపడుతుంది. రోజూ మాట్లాడితే మంచిదే గానీ, మార్కులు తగ్గిన సంగతి దాచి 'బావుంది' అనడం మొదలుపెడితే మనసు మరీ ఒంటరైపోతుంది. క్యాంపస్‌లో కౌన్సెలింగ్ సెంటర్ ఉంటుంది, చాలా చోట్ల దాని ఖర్చు నువ్వు కట్టిన ఫీజులోనే ఉంటుంది. నిద్రపట్టక, తిండి సయించక వారాలు గడిస్తే వెళ్ళు.

సూట్‌కేసులో కారం, పొడులు, చోడిపిండి పెట్టుకో, కస్టమ్స్‌లో తినేవి ఉన్నాయని చెప్పు. నాన్‌వెజ్ పచ్చడి మాత్రం పెట్టకు. చలికోటు ఇక్కడ కొని మొయ్యకు, అక్కడ ఏ కోటు వేసుకుంటున్నారో చూసి కొనుక్కో.