వేరుశనగను పీనట్ అని కూడా వెతకండి

ప్రశ్న: ఎమ్మెస్సీ అగ్రికల్చర్ చదువుతున్నాను. వేరుశనగలో ఆకుమచ్చ తెగులుపై థీసిస్. డేటాబేస్‌లలో వెతికితే ఒకసారి వేలల్లో పేపర్లు, ఇంకోసారి పదో పన్నెండో వస్తున్నాయి. రివ్యూ పలచగా ఉందని గైడ్ అంటున్నారు. పీహెచ్‌డీకి పనికిరానేమోనని టెన్షన్‌గా ఉంది.
- ఓ విద్యార్థిని, అనంతపురం

జవాబు: పీహెచ్‌డీ దాకా ఎందుకు, ముందు మీరు ఏం టైప్ చేశారో చూద్దాం. ‘గ్రౌండ్‌నట్ లీఫ్ స్పాట్’ అని కొట్టి ఊరుకున్నారని నా అనుమానం. మన దగ్గర, ఇక్రిశాట్ పేపర్లలో అది గ్రౌండ్‌నట్. అమెరికా వాళ్లు రాస్తే పీనట్. రెండూ ఒకే పంట అని ప్రతి డేటాబేస్‌కూ తెలియదు.

తెగులుది ఇంకో తిరకాసు. ఆలస్యంగా వచ్చే ఆకుమచ్చ, అంటే లేట్ లీఫ్ స్పాట్ శిలీంధ్రం ఒకప్పుడు సెర్కోస్పోరిడియం పర్సోనేటం, తర్వాత ఫియోయిసారియాప్సిస్ పర్సోనేటా, ఇప్పుడు నోథోపసలోరా పర్సోనేటా. ఒక్క పేరే పట్టుకుంటే మిగతా కాలం పేపర్లు జారిపోతాయి. ఇంటిపేరు మారినా ‘పర్సోనేట్’ దాకా మారలేదు కదా! ఇంగ్లీషులో చివరి ‘ఎ’, ‘యూఎం’ తీసేసి అక్కడ నక్షత్రం గుర్తు (*) పెట్టండి, ఆ తర్వాత ఏ అక్షరాలున్నా సరే అని దానర్థం, మూడూ చిక్కుతాయి. అలాగని మరీ పొట్టి మాటకు నక్షత్రం తగిలించకండి. ‘ర్యాట్’కి పెడితే రేట్, రేషియో అన్నీ వస్తాయి.

ఇప్పుడు కాగితం మీద రెండు గడులు గీయండి. ఒకదాంట్లో పంట పేర్లు, శాస్త్రీయ నామం అరాకిస్ హైపోజియాతో సహా. రెండోదాంట్లో తెగులు పేర్లు. గడిలోపల పేర్ల మధ్య ‘ఆర్’ (ఏదో ఒకటి ఉన్నా చాలు), రెండు గడుల మధ్య ‘యాండ్’ (రెండూ ఉండాలి), ఒక్కో గడి చుట్టూ బ్రాకెట్. ఆర్, యాండ్‌లను క్యాపిటల్ లెటర్స్‌లోనే రాయండి. లీఫ్ స్పాట్ లాంటి జంట మాటలకు కొటేషన్ గుర్తులు.

పీనట్ చేర్చగానే పల్లీల ఎలర్జీ మీద డాక్టర్ల పేపర్లు వచ్చిపడతాయి. కంగారుపడి ‘నాట్ ఎలర్జీ’ అనకండి, ఆ మాట ఒక్కసారి వాడిన మంచి పేపర్ కూడా పోతుంది. తెగులు గడి ఉంటే అవి చాలావరకు వాటంతటవే తప్పుకుంటాయి. అప్పటికీ ఎక్కువైతే టైటిల్, అబ్‌స్ట్రాక్ట్‌లలోనే వెతకమనండి.

ఒక మంచి పేపర్ దొరికితే దాని రిఫరెన్సులు, తర్వాత దాన్ని ఉదహరించినవి చూడండి. గూగుల్ స్కాలర్‌లో ‘సైటెడ్ బై’ అందుకే ఉంది. థీసిస్‌లకు కృషికోశ్, శోధ్‌గంగ అనే వెబ్‌సైట్లు ఉన్నాయి. ఏ రోజు, ఎక్కడ, ఏ మాటలతో వెతికారో నోట్‌బుక్‌లో రాసుకోండి. పీహెచ్‌డీ ఇంటర్వ్యూలో రివ్యూ ఎలా చేశారని అడిగితే చెప్పడానికి అదే ఆధారం. హాస్టల్ నుంచి పేపర్లు తెరుచుకోకపోతే డబ్బు కట్టకండి, లైబ్రేరియన్‌ను రిమోట్ యాక్సెస్ అడగండి.