‘మన స్వరూపమందు’: ఆ ‘మన’లో ఎవరెవరున్నారు?

సందేహం: ఆదికాండము 1:26లో దేవుడు ‘మన స్వరూపమందు మన పోలికె చొప్పున నరులను చేయుదము’ అంటాడు. హెబ్రీ మూలంలోనూ ‘మన’ అనే ఉందనీ, త్రిత్వానికి (తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ కలిసి ఒకే దేవుడనే నమ్మకానికి) ఆ భాషా వ్యాకరణమే సాక్ష్యమనీ మా సంఘ పెద్ద ఒకరు చెప్పారు. ‘మా స్వరూపమందు’ అని అనువదిస్తే తప్పా?

సమాధానం: తప్పు కాదు. మూలంలో ‘మన’ లేదు, ‘మా’ కూడా లేదు. అక్కడి మాట ‘బెత్సల్మేనూ’. చివరనున్న ‘నూ’ ఉత్తమ పురుష బహువచనాన్ని చెబుతుంది, అంతే. ఎదుటివారిని కలుపుకొంటే ‘మన’, విడిచిపెడితే ‘మా’ అనే తేడా మనకున్నట్టు హెబ్రీకి లేదు. తెలుగులో రాసేవారికి మాత్రం రెంటిలో ఒకటి ఎంచుకోక తప్పదు. యెషయా 6:8 చూడండి. అక్కడి ‘లానూ’లో ఉన్నదీ ఈ ‘నూ’యే. మన బైబిలులో అది ‘మా నిమిత్తము ఎవడు పోవును’ అయింది.

‘మన’ అనగానే దేవుడు ఎవరితోనో మాట్లాడుతున్నట్టు తేలిపోతుంది. ఎవరితో? రెండో శతాబ్దపు క్రైస్తవ రచయిత జస్టిన్ మార్టిర్ ఇక్కడ క్రీస్తును చూశాడు. పదకొండో శతాబ్దపు యూదు వ్యాఖ్యాత రాషీ, దేవుడు దూతలను సంప్రదించాడనీ, పెద్దవాడు చిన్నవారిని అడగడంలోని వినయాన్ని ఈ వాక్యం నేర్పుతోందనీ అన్నాడు. ఇద్దరికీ ‘మన’ సరిపోతుంది. సరిపడనిది పదో శతాబ్దపు యూదు పండితుడు సాదియా గాఓన్ చెప్పిన అర్థానికే. ఆయన లెక్కలో ఇది రాజులు తమ గురించి తాము చెప్పుకొనే బహువచనం. తెలుగు రాజు ‘మా ఆజ్ఞ’ అంటాడు గాని ‘మన ఆజ్ఞ’ అనడు కదా! కాబట్టి మీ పెద్దాయన వ్యాకరణ సాక్ష్యమనుకుంటున్న దానిలో సగం అనువాదకుడి నిర్ణయం. ఆ నిర్ణయాన్ని నేను తప్పు పట్టను. కానీ దాన్ని హెబ్రీ ఖాతాలో వేయకూడదు.

ఇక దేవుడికి హెబ్రీలో ఉన్న మాట ‘ఎలోహీమ్’ బహువచనం కనుక ముగ్గురు అనే వాదం మరీ బలహీనం. అదే మాటను ఫిలిష్తీయుల దేవుడైన దాగోనుకూ వాడారు (1 సమూయేలు 5:7). దాగోనులో ముగ్గురున్నారని ఎవరూ అనరు. రూపంలో బహువచనమైనంత మాత్రాన అర్థం కూడా బహువచనం కానక్కరలేదు. మనం గ్లాసెడు ‘నీళ్ళు’ అంటాం, హెబ్రీలో నీటికున్న మాట ‘మాయిమ్’ కూడా బహువచన రూపమే. పైగా ఆదికాండము మొదటి వాక్యంలోనే ‘ఎలోహీమ్’ పక్కన ‘బారా’ (సృజించెను) అనే ఏకవచన క్రియ ఉంది. తమాషా ఏమిటంటే, మన గౌరవ వాచకం దీనికి తలకిందులు. ‘రాజు వచ్చారు’ అన్నప్పుడు నామం ఏకవచనం, క్రియ బహువచనం. 27వ వచనం కూడా ‘తన స్వరూపమందు’ అని ఏకవచనానికే వస్తుంది. దూతల వాదానికి ఇది ఇబ్బందే: దేవుడు సంప్రదించిన ఆ దూతలకు సృష్టిలో వాటా లేదన్నమాట. త్రిత్వాన్ని నమ్మేవారు అందుకే 26, 27 వచనాలను కలిపి చదువుతారు. ఆ చదువు సువార్తల వెలుగులో వెనక్కి తిరిగి చూసి చేసేది. హెబ్రీ వ్యాకరణం దానికి అడ్డుచెప్పదు, అలాగని బలవంతంగా ఒప్పించదు కూడా.

మీరు ‘మా స్వరూపమందు’ అని రాయదలిస్తే క్రియను కూడా చూసుకోండి. ‘చేయుదము’ అంటే ఇప్పటి ‘చేద్దాం’. ‘మేము చేద్దాం’ అని తెలుగులో ఎవరూ అనరు. అక్కడ ‘చేసెదము’ అని ఉండాలి.