లండన్ తర్వాత చూద్దాం, ముందు తిరుపతి కోర్టు

ఒక తండ్రి అడిగింది ఇది: "మాది చిత్తూరు. మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో అకౌంట్స్ చూస్తాను. పాప తిరుపతిలో అయిదేళ్ల లా కోర్సు, ఇప్పుడు నాలుగో సంవత్సరం. యాంటీ సూట్ ఇంజంక్షన్ అని ఏదో ఉందట, దాని మీదే లండన్‌లో ఎల్ఎల్ఎం (లాలో పీజీ) చేస్తానంటోంది. ఇల్లు తాకట్టు పెట్టాలి. మన కోర్టులకు అలాంటి కేసులు వస్తాయా? కోర్సు అవ్వగానే జడ్జి పరీక్ష రాయమంటే వినడం లేదు."

అన్నా, ముందు టెన్షన్ తగ్గించుకోండి. పాప పట్టుకున్నది పనికిమాలిన విషయం కాదు. అలాగని ఇల్లు తాకట్టు పెట్టేంత విషయమూ కాదు, కనీసం ఇప్పుడప్పుడే కాదు.

మీ ఫ్యాక్టరీ లెక్కలోనే చెప్తాను. మీరు గుజ్జు డ్రమ్ములు విదేశానికి పంపారు, కొన్నవాడు సరుకు బాగాలేదని డబ్బు ఆపాడు, మీరు చిత్తూరులో దావా వేశారు, వాడు తన దేశంలో ఇంకోటి వేశాడు. గొడవ ఒకటే, కోర్టులు రెండు, రెండు చోట్లా ఫీజులు. అప్పుడు "అక్కడి దావా నడపకుండా వాణ్ని ఆపండి" అని ఇక్కడి కోర్టును అడగడమే ఈ ఇంజంక్షన్. ఆర్డర్ వెళ్లేది అక్కడి కోర్టుకు కాదు, ఆ మనిషికి. పరాయి దేశం జడ్జికి మనమేం చెప్పగలం, చెప్పినా ఆయనెందుకు వింటాడు? కానీ మన కోర్టు పరిధిలోకి వచ్చే మనిషి ఆర్డర్ మీరితే కోర్టు ధిక్కారం కింద పట్టుకోవచ్చు. అందుకే వాడు మన పరిధిలోకి వస్తాడా రాడా అన్నదే మొదటి ప్రశ్న.

ఇది అడగ్గానే దొరికేది కాదు. 2000లో నైరోబీలో జరిగిన క్రికెట్ టోర్నీ ప్రసార హక్కుల గొడవలో మోదీ ఎంటర్‌టైన్‌మెంట్ వాళ్లు ఇంగ్లండ్‌లో తమ మీద వేసిన కేసు ఆపమని అడిగితే, ఇంగ్లండ్ కోర్టు పరిధికి ఒప్పుకుని సంతకం పెట్టింది మీరే కదా అని 2003లో సుప్రీంకోర్టు ఇవ్వనంది. ఇలాంటి ఇంజంక్షన్ ఎప్పుడివ్వాలి, ఎప్పుడివ్వకూడదు అన్న సూత్రాలు ఆ తీర్పులోనే ఉన్నాయి. ఇంకో వింత చూడండి, షావోమీ అడిగితే చైనాలోని వుహాన్ కోర్టు 2020 సెప్టెంబరులో ఇంటర్‌డిజిటల్ కంపెనీని ఇండియాలో పేటెంట్ కేసు నడపొద్దంది. ఆ ఆర్డర్‌ను అమలు చేయించుకోవద్దని షావోమీని ఢిల్లీ హైకోర్టు ఆపింది, 2021 మేలో దాన్నే ఖాయం చేసింది. ఆపడాన్ని ఆపడం! పాప ఇలాంటివి చదివే మోజుపడి ఉంటుంది, ఆ వయసులో నేనైనా పడేవాణ్ణే.

మన కోర్టులకు వస్తాయా అన్నారు. 1975లో తిరుపతిలోనే పెళ్లయిన ఒక జంట సంగతి చెప్తాను. భర్త ముందు తిరుపతి సబ్ కోర్టులోనే విడాకుల పిటిషన్ వేశాడు, తర్వాత అమెరికాలో మిస్సోరీ రాష్ట్రంలో 90 రోజులు ఉన్నానని చెప్పి అక్కడ విడాకుల డిక్రీ, అంటే కోర్టు తీర్పు, తెచ్చుకుని ఇంకో పెళ్లి చేసుకున్నాడు. ఆ డిక్రీ ఇక్కడ చెల్లదని 1991లో సుప్రీంకోర్టు చెప్పింది, ఇప్పటికీ ఎన్ఆర్ఐ విడాకుల వాదనల్లో ఆ తీర్పు లేకుండా పని జరగదు. అక్కడ ఇంజంక్షన్ అడగలేదు, డిక్రీ వచ్చాక కొట్లాడారు. ముందే ఆపమంటే? 2018లో ఒక భర్త, భార్య ఫ్లోరిడాలో వేసిన విడాకుల కేసు ఆపమని వస్తే సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. మన వైపు ప్రతి వీధిలో అమెరికాలో ఉన్న అబ్బాయో అమ్మాయో ఉన్నారు, కాబట్టి ఈ గొడవలు మన గుమ్మం దాకా వస్తాయి.

అయితే యాంటీ సూట్ స్పెషలిస్ట్ అని బోర్డు పెట్టుకున్న లాయర్ నాకింతవరకూ కనపడలేదు. పెద్ద సివిల్, ఆర్బిట్రేషన్ (కోర్టు బయట మధ్యవర్తి తేల్చే) కేసుల మధ్యలో అవసరపడి వాడే ఆయుధం ఇది, దాని కోసమే ఎవరూ ఉద్యోగం ఇవ్వరు. ఆ కేసులు నడిపే ఆఫీసులు ఢిల్లీ, ముంబై, హైదరాబాద్, సింగపూర్, లండన్‌లో ఉంటాయి, అక్కడ ముందు చూసేది సివిల్ ప్రొసీజర్ కోడ్, అంటే సివిల్ దావాలు నడిపే పద్ధతి చెప్పే చట్టం, ఎంత వచ్చు అని. విదేశీ డిగ్రీ తెచ్చుకుని, ప్లెయింట్ (దావా పత్రం) రాయమంటే బిక్కమొహం వేసిన పిల్లల్ని నేను చూశాను. పాపను ఒక్కటి అడగండి: ఆ కోడ్‌లో సెక్షన్ 10 చివర ఉన్న వివరణ ఏం చెప్తుంది? విదేశీ కోర్టులో దావా నడుస్తున్నా, అదే గొడవ మీద ఇక్కడ విచారణకు అడ్డు లేదని. ఇది తడుముకోకుండా చెప్తే పిల్లకు పునాది ఉన్నట్టే.

జడ్జి పరీక్ష సంగతి. కోర్సు అవ్వగానే రాయించాలన్న మీ ప్లాన్ కుదరదు అన్నా. మొదటి మెట్టు జడ్జి పోస్టుకు కనీసం మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలని 2025 మే 20న సుప్రీంకోర్టు చెప్పింది. అంటే మీదీ తనదీ మూడేళ్లు ఒకే దారి, గొడవ దేనికి? లాయర్‌గా ఎన్‌రోల్ అయ్యాక తిరుపతిలో గానీ చిత్తూరులో గానీ సివిల్ వైపు గట్టి సీనియర్ దగ్గర జూనియర్‌గా చేర్పించండి. మొదట్లో చేతికి వచ్చేది బస్సు ఛార్జీలకే సరిపోవచ్చు, ఆ ఖర్చు మీరు పెట్టుకోండి, లండన్ ఖర్చుతో పోలిస్తే అదెంత. వాయిదాలకు తిరగనివ్వండి, ఇంజంక్షన్ పిటిషన్లు తన చేత్తో రాయనివ్వండి. మూడేళ్ల తర్వాత కూడా ఎల్ఎల్ఎం అంటే స్కాలర్‌షిప్‌కు ప్రయత్నించమనండి, అప్పటికి ఏ సబ్జెక్టు కావాలో తనకే తెలుస్తుంది. ఈలోగా సెలవుల్లో హైదరాబాద్‌లో ఒక ఆర్బిట్రేషన్ ఆఫీసులో ఇంటర్న్‌షిప్ చేస్తే ఇంకా మంచిది.

ఈ ఆదివారం ఒక పని చేయండి. యజమాని ఒప్పుకుంటే మీ ఫ్యాక్టరీ ఎగుమతి ఒప్పందం ఒకటి ఇంటికి తెచ్చి, గొడవ వస్తే ఏ ఊరి కోర్టుకు వెళ్లాలని రాసుందో వెతికి, దానివల్ల మీకు లాభమా నష్టమా తెలుగులో ఒక పేజీ రాయమనండి. ఆ పేజీ మీకు అర్థమైందో లేదో నాకు రాయండి, లోన్ సంగతి అప్పుడు మాట్లాడదాం.