మూడో తరగతికొచ్చినా చదవడం రాకపోతే

అమ్మాయీ,

పిల్లాడు తెలుగు వాచకం చదవలేకపోతున్నాడు, పటమటలో ఇంకో ట్యూషన్ పెట్టిస్తానని రాశావు. ముందు ఆ ట్యూషన్ మాట ఆపు. మీ అత్తగారు వయసొస్తే అదే వస్తుందంటారు, అననీ, కానీ ఇది అదే వచ్చేది కాదు. మాటలు వింటూ ఉంటే వస్తాయి. రాత పుట్టి సుమారు 5000 ఏళ్లే, కాబట్టి చదవడానికని మెదడులో పుట్టుకతో ఏ ఏర్పాటూ లేదు. ముఖాల్నీ వస్తువుల్నీ పోల్చుకునే భాగంలో ఎడమవైపు కొంత జాగా అక్షరాలకు అలవాటుపడాలి, అక్కణ్ణుంచి చెవికి తెలిసిన శబ్దాలకు దారి పడాలి. ఆ దారి కొందరికి తొందరగా పడుతుంది, కొందరికి దగ్గర కూర్చుని వేయించాలి. తెలివితో దానికి సంబంధం లేదు.

ముందు కళ్లూ చెవులూ డాక్టరుకి చూపించు. తర్వాత పాఠంలో బొమ్మ మూసేసి చదివించు, ‘బిలుతు’, ‘గొడిమ’ లాంటి అర్థంలేని మాటలు రాసివ్వు. అక్కడ ఆగిపోతే ఇన్నాళ్లూ ఊహించో బట్టీపట్టో నెట్టుకొస్తున్నాడన్నమాట. అలాగైతే పుస్తకం పక్కనపెట్టి చెవితో మొదలుపెట్టు: ‘బంగారం’లో ‘బం’ తీసేస్తే ఏం మిగులుతుంది? బస్సులో కూడా ఆడుకోవచ్చు.

మన పిల్లలు ఎక్కువగా ఇరుక్కునేది ఒత్తుల దగ్గర. ‘భక్తి’ చూడు, గుడి ‘క’ మీద ఉంటుంది, పలికేదేమో ‘త’ తర్వాత. వాడు ‘భకిత’ అని చదివితే కళ్లకు కనిపించింది కనిపించినట్టు చదివాడు, అందులో కోప్పడ్డానికేముంది? వేలు పెట్టి చూపిస్తూ ‘భ’, ‘క్’, ‘తి’ అని విడదీసి మళ్లీ కలిపించు. రోజుకి అలాంటివి నాలుగైదు చాలు. మ, య ఒకే రోజు నేర్పకు, ప, ష, వ కూడా అంతే.

పదేసిసార్లు రాయించడం మానెయ్, పైకి పలక్కుండా రాస్తే చెయ్యి నొప్పే మిగిలేది. రోజూ ఓ పావుగంట, నువ్వొక వాక్యం చదువు, అదే వాక్యం వాడూ చదవాలి. తప్పొస్తే కాసేపు ఆగి ఆ అక్షరం చూపించు, అంతేగాని వాళ్ల అక్క ముందు మాత్రం నవ్వకు. బెసెంట్ రోడ్డుకి వెళ్తే షాపుల బోర్డులు చదివించు.

కొన్ని నెలలు ఇలా చేసినా కదలకపోతే క్లినికల్ సైకాలజిస్టుకి చూపించు. డిస్లెక్సియా, అంటే తెలివున్నా చదవడం కష్టమయ్యే ఇబ్బంది, అని తేలినా కంగారుపడకు, 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో దీనికీ చోటుంది, సర్టిఫికెట్ ఉంటే పబ్లిక్ పరీక్షల్లో అదనపు సమయం అడగొచ్చు.

ఆదివారం గుంటూరు తీసుకురా, నేనూ ఓసారి చదివించి చూస్తాను. వాచకం తెచ్చుకోండి, కాపీరైటింగ్ పుస్తకాలు అక్కర్లేదు.

మీ పెద్దమ్మ