రెండేళ్లుగా ట్రౌట్ పడుతున్నాను, ఫ్లై ఫిషింగ్ గైడ్‌గా మారొచ్చా?

డెన్వర్‌లో హెచ్‌1బీ మీద ఐటీ ఉద్యోగం, రెండేళ్లుగా శని ఆదివారాలు నది దగ్గరే, చేపలు బాగానే తగులుతున్నాయి, గైడ్ అవ్వాలంటే ఇంకేం కావాలి అని అడిగారు. నేను ఇదే కొలరాడోలో ఒక ఫ్లై షాపు తరఫున గైడ్‌గా చేస్తున్నాను. ఫ్లై అంటే పురుగులా కనిపించేలా హుక్కుకి ఈకలు, దారాలు చుట్టి చేసిన ఎర, దాంతో ట్రౌట్ లాంటి చల్లటి నీటి చేపల్ని పట్టడమే ఫ్లై ఫిషింగ్. మాది రాజమండ్రి వైపు. హెచ్‌4 మీద వచ్చి, ఈఏడీ, అంటే పని చేసుకునే అనుమతి కార్డు, చేతికొచ్చాక షాపు కౌంటర్లో చేరాను. అక్కడి నుంచి మెల్లగా నీళ్లలోకి దిగాను.

ముందు వీసా సంగతి తేల్చేద్దాం. హెచ్‌1బీ మీద ఉన్నవాళ్లు పిటిషన్ వేసిన కంపెనీకి తప్ప ఇంకెవరికీ పని చేయకూడదు. వారానికి ఒక్క పూటైనా, "జీతం వద్దు, టిప్పులు చాలు" అన్నా అదే రూలు. మా షాపుకి మీలాంటివాళ్లు వచ్చి అడిగితే ముందు లాయర్ని కలవమనే చెబుతాం. హెచ్‌4 ఈఏడీ అయితే ఆ ఇబ్బంది లేదు, 2015 నుంచి ఆ కార్డు ఉన్నవాళ్లు ఏ ఉద్యోగమైనా చేసుకోవచ్చు. మీకు గ్రీన్ కార్డు వచ్చేదాకా ఊరికే కూర్చోనక్కర్లేదు. ట్రౌట్ అన్‌లిమిటెడ్ అని 1959లో మిషిగన్‌లో పుట్టిన సంస్థ ఉంది. దాని చాప్టర్లు ఇక్కడ చాలా ఊళ్లలో ఉన్నాయి. నది శుభ్రం చేయడం, స్కూళ్లలో ట్యాంకు పెట్టి పిల్లల చేత ట్రౌట్ గుడ్లు పొదిగించడం లాంటివి వాలంటీర్లే చేస్తారు. నేర్పడం మీకు పడుతుందో లేదో అక్కడే తెలిసిపోతుంది.

లైసెన్సు విషయంలో చాలామందికి గందరగోళం ఉంటుంది. కొలరాడోలో రాష్ట్రం దగ్గర రిజిస్టర్ అవ్వాల్సింది ఔట్‌ఫిట్టర్, అంటే ట్రిప్పులు అమ్మే షాపు. ఇన్సూరెన్సు, బాండు వాళ్లే కట్టుకుంటారు. వాళ్ల కింద చేసే గైడ్‌కి 18 ఏళ్లు నిండి, చెల్లుబాటయ్యే ఫస్ట్ ఎయిడ్ కార్డు ఉండాలి. మొంటానాలో అయితే గైడ్‌కి కూడా విడిగా లైసెన్సు కావాలి. కేంద్ర ప్రభుత్వం చేతిలో ఉండే ఫారెస్ట్ సర్వీస్ భూముల్లో, బీఎల్‌ఎం భూముల్లో డబ్బు తీసుకుని ఎవరినైనా చేపలకు తీసుకెళ్లాలంటే పర్మిట్ తప్పనిసరి, అది కూడా ఔట్‌ఫిట్టర్ పేరు మీదే ఉంటుంది. అందుకే "మా ఆఫీసువాళ్లు నలుగురిని సౌత్ ప్లాట్ నది మీది డెకర్స్ తీసుకెళ్తాను, మనిషికి వంద డాలర్లు ఇస్తామన్నారు" అనే ఆలోచన ఉంటే ఇప్పుడే మానేయండి.

ఇంకోటి, నది ఒడ్డు ఎవరిదో తెలియాలి. కొలరాడోలో నది ప్రైవేటు స్థలం గుండా పారితే అడుగున నేల కూడా ఆ యజమానిదే. నీళ్లలో నిలబడ్డా అతని నేల మీద నిలబడినట్టే. మొంటానాలో 1985 చట్టం వల్ల, దారి ఉన్నచోట నదిలోకి దిగితే నీళ్లు మామూలుగా ఎంత ఎత్తు దాకా వస్తాయో ఆ గుర్తు దాకా ఎవరైనా నడవచ్చు. రెండు రాష్ట్రాలూ తిరిగినవాళ్లకు ఈ తేడా గుర్తుండదు. కస్టమర్ని వెంటబెట్టుకుని కంచె దాటితే పరువు పోయేది షాపుది.

కాగితాల గొడవ ఇంతే. అసలు సంగతి వేరే ఉంది. "చేపలు బాగానే తగులుతున్నాయి" అన్నారు కదా, గైడ్ పనికి అది సగం కూడా కాదు. ట్రిప్పులో మీరు రాడ్ పట్టుకోరు. ఒకటి రెండు సార్లు వేసి చూపిస్తారు, అంతే. మిగతా రోజంతా ఇంకొకరి చేతిని, వాళ్ల పాదాలను, వాళ్ల లైన్‌ను, నీళ్ల మీద తేలే ఇండికేటర్‌ను (మన బెండు లాంటిది) చూస్తూ నిలబడాలి. ఎదురుగా పెద్ద బ్రౌన్ ట్రౌట్ తేలి తేలి తింటుంటే, పక్కనున్నాయన నాలుగోసారి కూడా చెట్టుకొమ్మలోకే విసిరితే, మొహం మీద నవ్వు చెరక్కుండా ఆ చిక్కు విప్పగలరా? చాలా గట్టి జాలర్లు ఇక్కడే ఆగిపోతారు. వాళ్లకు చేప కావాలి. గైడ్‌కి కావాల్సింది అవతలి మనిషికి చేప తగలడం.

నేర్పడం ఎలాగో కొంచెం వివరంగా చెబుతాను, మీకు పనికొచ్చేది అదే.

మొదటి పావుగంట గడ్డి మీదే. హుక్కు ఉండదు, చివర ఊలు ముక్క కడతాను. మామూలు గాలంలో బరువు చివరన ఉంటుంది, సీసం గుండో ఎరో, దాన్ని విసిరితే దారం వెంట పోతుంది. ఫ్లైకి బరువే లేదు, ఇక్కడ విసిరేది లైన్‌ని. అందుకని లైన్ వెనక్కి వెళ్లి పూర్తిగా సాగేదాకా చెయ్యి ఆగాలి. కొత్తవాళ్లెవరూ ఆగరు. "ఉయ్యాల వెనక్కొచ్చి ఆగిన క్షణంలోనే కదా తోస్తాం, అలాగే" అంటే మనవాళ్లకు వెంటనే ఎక్కుతుంది. మణికట్టు విరిచేస్తుంటే రాడ్ కింది భాగాన్ని చొక్కా చేతిలోకి దూరుస్తాను, ఇక విరవలేరు. ఫ్లై ఫిషర్స్ ఇంటర్నేషనల్‌ వాళ్లు కాస్టింగ్ (లైన్ విసరడం) ఇన్‌స్ట్రక్టర్ సర్టిఫికెట్ ఇస్తారు, రాత పరీక్ష, చేసి చూపించే పరీక్ష రెండూ ఉంటాయి. గైడ్ ఉద్యోగానికి అది అక్కర్లేదు. కానీ ఎదుటివాళ్ల లైన్ ఎందుకు కుప్పకూలుతోందో చూడగానే పట్టేయడం దాని కోసం చదివితే వస్తుంది. నా మటుకు ఆ చదువు బాగా ఉపయోగపడింది.

ఇంత చెప్పాక అసలు మాట. ట్రౌట్ పడటానికి కాస్టింగ్ పెద్దగా అక్కర్లేదు! మా నదుల్లో ఇరవై అడుగుల లోపే చాలా చేపలు దొరుకుతాయి. కావాల్సింది డ్రిఫ్ట్. నీళ్లు ఎంత వేగంతో పోతున్నాయో ఫ్లై కూడా అంతే వేగంతో పోవాలి. మధ్యలో వేగంగా పారే పాయ లైన్‌ని ముందుకు లాక్కుపోతే దాంతో ఫ్లై కూడా ఈడ్చుకుపోతుంది, ఇక దాన్ని ట్రౌట్ ముట్టదు. అందుకే లైన్ నీళ్ల మీద పడగానే రాడ్ కొనతో దాన్ని ఎగువకు తిప్పి వేయాలి, దాన్నే మెండింగ్ అంటారు. గంటసేపు మెండింగ్ నేర్పించండి, చేప తప్పకుండా తగులుతుంది. గంటసేపు కాస్టింగ్ నేర్పిస్తే ఫోటోలు బాగా వస్తాయి.

చేప ఎక్కడుంటుందో చూపించడానికి నేను ముందు రాయి తిప్పుతాను. నది అడుగు నుంచి అరచేతంత రాయి తీసి తిరగేస్తే కింద మేఫ్లై అనే పురుగు పిల్లలు, గూళ్లు కట్టుకున్న క్యాడిస్ పురుగులు పాకుతూ కనిపిస్తాయి. మేఫ్లై ఏడాది పాటు అలా నీటి అడుగునే బతికి, రెక్కలొచ్చాక ఒకటి రెండు రోజుల్లో చనిపోతుంది. ట్రౌట్ తిండిలో ఎక్కువ భాగం నీళ్ల అడుగునే ఉంటుందని ఇక వేరే చెప్పక్కర్లేదు. తర్వాత వేగంగా పారే నీళ్లు, నెమ్మదిగా పారే నీళ్లు కలిసే గీత చూపిస్తాను. చేప నెమ్మది వైపు ఒళ్లు దాచుకుని, ఎగువకు తిరిగి, వేగం వైపు నుంచి కొట్టుకొచ్చేది తింటుంది. పదేళ్ల పిల్లలు దీన్ని పెద్దవాళ్లకంటే తొందరగా పట్టేస్తారు.

మనవాళ్లతో ఒక ప్రత్యేకమైన కష్టం ఉంది. ఇండియా నుంచి వచ్చిన నాన్నలు, మామగార్లు చిన్నప్పుడు కాలవల్లో గాలం వేసినవాళ్లే. బెండు మునగ్గానే కొరమీనుని లాగినట్టు ఒక్క గుంజు గుంజుతారు. ఇక్కడ సౌత్ ప్లాట్‌లో హుక్కు బియ్యపు గింజలో సగం ఉంటుంది, 6ఎక్స్ టిప్పెట్ (ఫ్లైకి కట్టే సన్నటి దారం) పటుక్కున తెగుతుంది. వాళ్లకు "లాగకండి, లేపండి" అని చెప్పి, ముందే రెండు మూడు సార్లు చేతితో చేయిస్తాను. చేప పరుగు తీసినప్పుడు రీలు పిడి వదిలేయాలన్నదీ అంతే, నోటితో చెబితే చాలదు, ఒడ్డు మీద నేనే చేపనై లైన్ పట్టుకుని పరిగెత్తి చూపిస్తాను.

ఒకేసారి ఒక్క సూచనే ఇవ్వండి. రాడ్ ఎత్తు, లైన్ వదులు, అడుగు పక్కకి వెయ్యి, ఇవన్నీ కలిపి అరిస్తే ఎదుటివాళ్లకు టెన్షన్ తప్ప ఏమీ మిగలదు. భార్యాభర్తలు వస్తే ఇద్దరినీ ముప్పై గజాల దూరంలో నిలబెట్టండి. ఆయన ఆవిడకి నేర్పడం మొదలుపెట్టాడంటే ఆ పూట అయిపోయినట్టే. మామూలుగా ఆవిడకే ముందు చేప పడుతుంది, చెప్పినట్టు చేస్తుంది కాబట్టి.

కొత్తవాళ్లని చీజ్‌మన్ కాన్యన్‌కి తీసుకెళ్లకండి. సౌత్ ప్లాట్ నది మీద 1905లో పూర్తయిన డ్యామ్ కింద, ఏడాది పొడవునా చల్లటి నీళ్లు వదిలే చోటు అది, చేపలు పెద్దవే. కానీ పట్టిన చేపని వదిలేయాల్సిన నీళ్లు కావడంతో అక్కడి ట్రౌట్ ప్రతి ఫ్లైనీ చూసేసి ఉంటుంది. గోల్డెన్ ఊరికి ఎగువనున్న క్లియర్ క్రీక్‌లో బ్రౌన్ ట్రౌట్ చిన్నవి, నీళ్లు వేగం, తిండి వచ్చిన క్షణంలో తినకపోతే పోతుంది కాబట్టి బెట్టు చేయవు. మొదటిరోజు మనిషికి ఎనిమిది అంగుళాల చేప చాలు. కాన్యన్ రెండో ఏడాది చూసుకోవచ్చు. ఆ నది మీద అందరూ వాడే ఆర్‌ఎస్‌2 అనే ఫ్లైని తయారుచేసిన రిమ్ చుంగ్ కొరియా నుంచి వచ్చి కొలరాడోలో స్థిరపడ్డాయన. "ఇది తెల్లవాళ్ల ఆట, మనకెందుకు" అనేవాళ్లకి నేను ఈ సంగతే చెబుతాను.

"తినకుండా వదిలేసేదానికి పట్టడం దేనికి?" అని మనవాళ్లు ప్రతి ట్రిప్పులో అడుగుతారు. నిజాయితీగా చెప్పండి, అది ఆటే. తినాలనుంటే పెంచి వదిలిన చేపలున్న చెరువులు చాలా ఉన్నాయి, మామూలు చోట్ల రోజుకు నాలుగు ట్రౌట్ దాకా తీసుకెళ్లొచ్చు. వదిలేటప్పుడు మాత్రం సరిగ్గా వదలాలి. హుక్కు ముల్లు ముందే నొక్కేయండి, చేతులు తడిపే చేపని పట్టుకోండి, ఫోటో కోసం పైకెత్తితే రెండు మూడు క్షణాలే. ఎండాకాలం జేబులో థర్మామీటర్ ఉండాలి. నీళ్లు 19, 20 డిగ్రీల సెల్సియస్ దాటితే ట్రౌట్‌కి ఊపిరాడటం కష్టం, వదిలినా చచ్చిపోవచ్చు. అప్పుడు కస్టమర్ ఎంత డబ్బు కట్టినా ట్రిప్పు ఆపేయాల్సిందే. ఆపని షాపు ఉంటే అందులో చేరకండి.

జూలై, ఆగస్టుల్లో మధ్యాహ్నం ఉరుములు మామూలే. చేతిలో ఉన్నది తొమ్మిది అడుగుల గ్రాఫైట్ రాడ్, పిడుగుకి అంతకంటే ఏం కావాలి? మొదటి ఉరుముకే ఒడ్డెక్కించాలి. వేడర్ (నీళ్లు చొరని పొడవాటి ప్యాంటు) మీద బెల్టు లేకుండా ఎవరినీ నీళ్లలోకి దింపకూడదు. కళ్లద్దాలు చేపని చూడటానికి మాత్రమే కాదు, ఎగిరొచ్చే హుక్కు కంట్లో పడకుండా కూడా. ఇండియా నుంచి వచ్చి రెండు రోజులైనా కాని పెద్దవాళ్లకి ఎత్తు పడదు, తలనొప్పి అంటే వెంటనే దించేయండి.

డబ్బు గురించి అడగలేదు గానీ చెప్పాలి. ట్రిప్పుకి షాపు తీసుకునేదాంట్లో గైడ్‌కి వచ్చేది కొంతే. టిప్పు మామూలుగా పదిహేను, ఇరవై శాతం మధ్య. మనవాళ్లలో చాలామందికి గైడ్‌కి టిప్పు ఇవ్వాలనే తెలియదు, దాన్ని మనసులో పెట్టుకోకండి. చాలామంది గైడ్లు 1099 మీదే, అంటే ఉద్యోగులుగా కాక కాంట్రాక్టర్లుగా, చేస్తారు, కాబట్టి 15.3 శాతం సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ ట్యాక్సు మీరే కట్టుకోవాలి. ఫ్లైలు, కారు పెట్రోలు చాలా చోట్ల మీ జేబులోంచే. మే చివర నుంచి జూన్ సగం దాకా మంచు కరిగి నదులు బురదతో పొంగితే పని తగ్గుతుంది, చలికాలం ఇంకా తక్కువ. ఐటీ జీతం వదిలేసి దీన్నే నమ్ముకోమని నేను చెప్పను. మా ఇంట్లో రెండో జీతం ఉంది కాబట్టే నాకు నడుస్తోంది.

గైడ్ స్కూళ్లు కొన్ని వారం రోజుల కోర్సు పెడతాయి. పడవ తోలడం నేర్చుకోవాలంటే అవి మంచివే. ఉద్యోగం మాత్రం దానితో రాదు, షాపులో తెలిసినవాళ్ల ద్వారా వస్తుంది. వేసవికి మనుషుల్ని జనవరి, ఫిబ్రవరిలోనే చూసుకుంటారు. మీ గ్రీన్ కార్డు వచ్చిన ఏడాది చలికాలంలో దగ్గరి షాపుకి వెళ్లి, శనివారాలు కౌంటర్లో నిలబడతానని అడగండి. ఫస్ట్ ఎయిడ్, సీపీఆర్ కార్డులు అప్పటికే చేతిలో ఉంచుకోండి. ఈలోపు మీ స్నేహితుల్ని డబ్బు తీసుకోకుండా క్లియర్ క్రీక్‌కి తీసుకెళ్లండి, మీ రాడ్ కారులోనే వదిలేయండి.